ఇల్లు మారితే ఒంటి బరువూ మారుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి వెనకున్న బాధ ఒకటే. కడుపుతో ఉన్నప్పుడు బరువు ఎక్కువైందనో, చాల్లేదనో చెకప్‌లో మాట పడి, ఇంటికొచ్చి కూర్చుని, "తినేది నేనే కావచ్చు, కానీ నేనుండే చోటు సంగతేంటి?" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే మిగతా ఉత్తరాలు వచ్చే సంచికకి వాయిదా వేసి, వీటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 28 ఏళ్ళు. మొదటి కాన్పు, ఇప్పుడు 24 వారాలు. ఎత్తు 158 సెంటీమీటర్లు, గర్భం రాకముందు బరువు 55 కిలోలు. నెల తప్పిన కొత్తల్లోనే ఊరి చివర కొత్త ఫ్లాట్‌కి మారాం. ఏడో అంతస్తు, లిఫ్ట్ ఉంది. పాత ఇంట్లో ఉన్నప్పుడు బస్సు కోసం నడిచేదాన్ని, సాయంత్రం సామాన్లకీ నడిచే వెళ్ళేదాన్ని. ఇక్కడ ఆఫీసు పని ఇంట్లోంచే. గేటు దాటితే లారీలు తిరిగే రోడ్డు, ఫుట్‌పాత్ లేదు. ఏం కావాలన్నా ఫోన్‌లో ఆర్డర్ పెడితే గుమ్మంలోకి వచ్చేస్తుంది. నిజంగా చెప్తున్నా, మునుపటికంటే ఎక్కువేం తినట్లేదు. అయినా ఇప్పటికే 11 కిలోలు పెరిగాను. చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ "నోరు కట్టుకో" అంటున్నారు. ఇల్లు మారడం వల్ల ఇలా జరుగుతుందా? లేక నేనే సాకులు వెతుక్కుంటున్నానా?
– ఒక పాఠకురాలు

జవాబు: సాకు కాదమ్మా. అలాగని మొత్తం ఇంటి మీద తోసేసి ఊరుకోవడానికీ లేదు. ముందు లెక్క చూద్దాం.

మీ ఎత్తుకి 55 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 22, అంటే సరైన బరువుతోనే మొదలుపెట్టారు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన కొలతల్ని ఇప్పటికీ చాలా దేశాల్లో డాక్టర్లు వాడుతున్నారు. వాటి ప్రకారం బీఎంఐ 18.5 కంటే తక్కువున్నవాళ్ళు మొత్తం తొమ్మిది నెలల్లో 12.5 నుంచి 18 కిలోలు, 18.5–24.9 మధ్య ఉన్నవాళ్ళు 11.5 నుంచి 16 కిలోలు, 25–29.9 ఉన్నవాళ్ళు 7 నుంచి 11.5 కిలోలు, 30 దాటినవాళ్ళు 5 నుంచి 9 కిలోలు పెరగాలి. కవలలైతే లెక్క వేరు. మొదటి మూడు నెలల్లో అర కిలో నుంచి 2 కిలోలు, ఆ తర్వాత మీలాంటివాళ్ళకి వారానికి సుమారు 400 గ్రాములు. ఆ లెక్కన 24 వారాలకి 5 నుంచి 7 కిలోలు పెరిగి ఉంటే సరిపోయేది. మీరు 11 పెరిగారు. కాబట్టి మీ డాక్టర్ గారు కంగారుపడటంలో తప్పు లేదు, కాకపోతే నోరు కట్టుకోమనే ముందు మీ రోజు ఎలా గడుస్తోందో ఒకసారి అడిగి ఉండాల్సింది.

ఎందుకంటే అసలు విషయం మీ ఉత్తరంలోనే ఉంది. మునుపటంతే తింటున్నారు, కానీ మునుపటంత నడవట్లేదు. బస్సుకీ సామాన్లకీ కలిపి రోజుకి ఓ గంట నడిచేవారనుకుందాం. దాన్ని మీరు వ్యాయామం కింద ఎప్పుడూ లెక్కేసి ఉండరు, అయినా అది దాదాపు 150 కేలరీలు ఖర్చు చేసేది. ఇప్పుడు ఆ ఖర్చు ఆగిపోయింది. ఒక్క రోజుకి చూస్తే ఏమీ కాదు, నెలకి లెక్కేస్తే అర కిలో పైమాటే. పైగా మొదటి మూడు నెలల్లో గర్భిణికి అదనంగా తిండి అవసరమే ఉండదు. మీరు సరిగ్గా అప్పుడే ఇల్లు మారారు, నడక అప్పుడే ఆగింది. 11 కిలోలకీ ఇదొక్కటే కారణమని చెప్పను, ఒంట్లో నీరు చేరడం, థైరాయిడ్, నిద్ర చాలకపోవడం లాంటివి కూడా చూడాలి. కానీ ఇది చిన్న కారణం మాత్రం కాదు.

ఇంకో సంగతి మీరు రాయలేదు, నేను ఊహించి చెప్తున్నాను, తప్పైతే క్షమించండి. పని చేసుకునే టేబుల్‌కీ వంటింటికీ మధ్య పది అడుగులు కూడా ఉండవు కదా? మీటింగ్ మధ్యలో లేచి ఒక బిస్కెట్, ఫోన్ మాట్లాడుతూ గుప్పెడు ఏదో ఒకటి. ఇవి మనకి భోజనంలా అనిపించవు, అందుకే "ఎక్కువేం తినట్లేదు" అని మనస్ఫూర్తిగానే అంటాం. ఆర్డర్ పెట్టి తెప్పించుకునేవాటిలో సైజు కూడా మన చేతిలో ఉండదు. ప్యాకెట్టూ ప్లేటూ పెద్దవైతే మనిషి తనకి తెలియకుండానే ఎక్కువ తింటాడని 2015లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్ష సంస్థ వాళ్ళు పాత ప్రయోగాలన్నీ కలిపి చూసి తేల్చారు. మన ఆకలి కడుపులో ఎంత ఉంటుందో కళ్ళ ముందూ అంతే ఉంటుంది. కాబట్టి ఒక మూడు రోజులు నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాసి చూడండి, ఎవరికీ చూపించక్కర్లేదు.

ఇప్పుడేం చేయాలంటే, బరువు తగ్గడం కోసం డైటింగ్ మాత్రం మొదలుపెట్టొద్దు. గర్భంతో ఉన్నప్పుడు అది బిడ్డకి మంచిది కాదు. పెరిగింది పెరిగింది, ఇక ముందు వారానికి 350 నుంచి 500 గ్రాముల మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. పోయిన నడకని ఇంట్లోనే ఎక్కడో ఒకచోట తిరిగి పెట్టుకోవాలి. గర్భిణులు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దీనికి పార్కే అక్కర్లేదు. మీ అంతస్తులో వరండా ఉంటుంది, కింద పార్కింగ్ ఉంటుంది, అన్నం తిన్న ప్రతిసారీ పది నిమిషాలు అక్కడే తిరగండి. ఆఫీసు కాల్స్‌లో మీరు వినడమే తప్ప మాట్లాడనివి ఉంటాయి చూడండి, అవి నడుస్తూ వినండి. పైకి వచ్చేటప్పుడు లిఫ్ట్ అయిదో అంతస్తులో దిగి, రెయిలింగ్ పట్టుకుని మిగతా రెండు అంతస్తులూ మెల్లగా ఎక్కండి, ఆయాసం వస్తే ఆగండి. అయితే బ్లీడింగ్ అయినా, మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో చెప్పినా, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే భయం ఉందన్నా ఇవేవీ మీ డాక్టర్‌ని అడక్కుండా చేయొద్దు.

ఇంకొకటి, 24 నుంచి 28 వారాల మధ్యలో షుగర్ టెస్ట్ చేస్తారు. మీరు సరిగ్గా ఆ సమయంలోనే ఉన్నారు. ఇంకా చేయించకపోతే ఈ వారమే చేయించండి.

ప్రశ్న: మేడం, నాదీ మా పక్క ఫ్లాట్ అమ్మాయిదీ రెండు నెలల తేడాతో కాన్పులు. అదే బిల్డింగు, అదే రోడ్డు, అదే గాలి. తను 10 కిలోలు పెరిగింది, నేను 19. మరి చుట్టుపక్కల పరిస్థితులే కారణమని కొందరు డాక్టర్లు ఎలా అంటారు? అన్నీ పరిసరాల మీదికి నెట్టేస్తే ఇక మన బాధ్యత అంటూ ఏముంటుంది?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: టీచర్ గారు కదా, గట్టిగానే అడిగారు. గేటు ఒకటే అయినంత మాత్రాన ఇద్దరి ఇళ్ళూ ఒకటి కావండి. ఆ అమ్మాయి ఇంట్లో వంట ఎవరు చేస్తారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతుంది, పరిగెత్తించే మొదటి బిడ్డ ఉందా, ఉద్యోగం నిలబడి చేసేదా కూర్చుని చేసేదా, ఇవన్నీ పరిసరాల కిందికే వస్తాయి. ఇవి కాక గర్భానికి ముందున్న బరువు, వయసు, పుట్టుకతో వచ్చిన ఒంటితీరు ఉండనే ఉన్నాయి. బరువు తక్కువగా మొదలైనవాళ్ళు ఎక్కువ పెరగాలని పైన చెప్పాను కదా, మీ ఇద్దరి మొదటి బరువులు ఎంతో మీరు రాయనే లేదు.

ఇక పరిశోధనల సంగతి. పేటకీ గర్భిణి బరువుకీ ఉన్న సంబంధం మీద జరిగినవన్నీ ఒకే మాట చెప్పవు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. డబ్బున్నవాళ్ళు చెట్లూ ఫుట్‌పాత్‌లూ ఉన్న చోట ఇల్లు తీసుకుంటారు, లేనివాళ్ళు దొరికిన చోట ఉంటారు. రేపు ఇద్దరి బరువుల్లో తేడా వస్తే అది చెట్ల వల్లా, డబ్బు వల్లా అని విడదీయడం కష్టం. దీన్ని విడదీసి చూసిన ఒక పెద్ద ప్రయోగం మాత్రం ఉంది. 1994–98 మధ్య అమెరికా ప్రభుత్వం అయిదు నగరాల్లో, పేదవాడల్లో ప్రభుత్వ ఇళ్ళలో ఉంటున్న కుటుంబాలకి లాటరీ తీసింది. లాటరీ తగిలిన కొందరికి, పేదరికం తక్కువున్న పేటలో ఇల్లు తీసుకోవడానికి అద్దె కూపన్లు ఇచ్చింది. ఇల్లు వెతుక్కోవడంలో సాయం చేసింది తప్ప చేతికి డైట్ చార్టు ఇవ్వలేదు. పది, పదిహేనేళ్ళ తర్వాత చూస్తే, ఏ సాయమూ అందని వాళ్ళకంటే ఈ ఆడవాళ్ళలో బీఎంఐ 35 దాటిన స్థూలకాయం 4.6 శాతం పాయింట్లు తక్కువుంది, షుగర్ కూడా తక్కువే. ఈ ఫలితాలు 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఇది ప్రత్యేకించి గర్భిణుల మీద చేసింది కాదు. కానీ చోటు మారితే ఒళ్ళు మారుతుందా అనే మీ అనుమానానికి ఇంతకంటే సూటి జవాబు నాకు కనపడలేదు.

బాధ్యత అన్నారు. వేర్వేరు దేశాల్లోని 13 లక్షలకి పైగా గర్భాల లెక్కలు కలిపి 2017లో ఒక సమీక్ష వేశారు. అందులో 47 శాతం మంది పైన చెప్పిన కొలతల కంటే ఎక్కువ పెరిగారు, 23 శాతం మంది తక్కువ పెరిగారు. అంటే పదిమందిలో ముగ్గురికే బరువు సరిగ్గా కుదిరింది. మిగతా ఏడుగురికీ ఒక్కసారిగా బాధ్యత లేకుండా పోయిందంటారా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా భార్యకి అయిదో నెల నిండింది. ఎత్తు 155 సెంటీమీటర్లు. ముందు 44 కిలోలు ఉండేది, ఇప్పుడు 45 న్నర. మేము లారీలు తిరిగే పెద్ద రోడ్డు పక్కన ఒకటే గదిలో అద్దెకుంటున్నాం. రేకుల కప్పు, పగలంతా వేడి. నాది రాత్రి డ్యూటీ. మంచి తిండే తెచ్చి పెడుతున్నాను, తను సరిగ్గా తినదు. రాత్రయితే మరీను, నీళ్ళు కూడా తాగదు. ఎంత చెప్పినా వినదు. ఏం చేయాలి?
– ఒక భర్త

జవాబు: మీరు రాసినందుకు సంతోషం బాబూ, ఇలాంటి ఉత్తరాలు మగవాళ్ళ నుంచి అరుదుగా వస్తాయి. కానీ "ఎంత చెప్పినా వినదు" అనే మాట పక్కన పెట్టి, ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి. మీ గదికి బాత్రూం లోపల ఉందా, బయటా?

బయట ఉంటే, నలుగురైదుగురు అద్దెవాళ్ళకి కలిపి ఒకటే అయితే, రాత్రి మీరు లేనప్పుడు ఆమె చీకట్లో తలుపు తీసుకుని ఒంటరిగా అంతదూరం వెళ్ళాలి. కడుపుతో ఉన్నప్పుడు మూత్రం మామూలు కంటే ఎక్కువసార్లు వస్తుంది. ఆడవాళ్ళు దీనికి కనిపెట్టుకున్న ఉపాయం ఒకటే, సాయంత్రం నుంచి నీళ్ళు తగ్గించడం, రాత్రి అన్నం సగానికి సగం మానేయడం. అడిగితే ఆకలి లేదంటారు, అసలు కారణం చెప్పడానికి మొగుడి దగ్గర కూడా మొహమాటమే. నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో దీన్ని చాలాసార్లు చూశాను, అడిగితే తప్ప బయటికి రాదు. నీళ్ళు తగ్గిస్తే మలబద్ధకం, యూరిన్ ఇన్‌ఫెక్షన్, దానితో ఉన్న ఆకలి కూడా పోతుంది. మీ ఇంట్లో ఇదే జరుగుతుంటే, తిండి తెచ్చి పెట్టడం కంటే ముందు దారిలో ఒక లైటు పెట్టించడం, తలుపుకి సరైన గొళ్ళెం వేయించడం, రాత్రి తోడుకి ఒక మనిషిని చూడటం, ఏదీ కుదరకపోతే గదిలోనే మూత ఉన్న బకెట్ ఏర్పాటు చేయడం, ఇవి చేయండి. డ్యూటీ కొన్ని నెలలు పగటికి మార్చమని మీ పైవాళ్ళని అడగగలరేమో కూడా చూడండి.

రెండోది వేడి. రేకుల కింద మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడి వండిన మనిషికి ఆ అన్నం తినబుద్ధి కాదు, ఎవరికైనా అంతే. వంట తెల్లవారుజామునే అయిపోవాలి, మీరు డ్యూటీ నుంచి వచ్చాక ఒక చెయ్యి వేస్తే ఇంకా మంచిది. పెద్ద భోజనాలు రెండు పెట్టే బదులు చల్లటి పూట చూసి కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి. నీళ్ళు బయటి నుంచి మోసుకోవాల్సి వస్తే ఆ పని మీది. కట్టెల పొయ్యి అయితే ఆ పొగ బిడ్డ బరువు తగ్గిస్తుంది, ఆ గదిలో మీరు సిగరెట్ కాలుస్తుంటే అది కూడా తగ్గిస్తుంది. మీరు కాలుస్తారో లేదో రాయలేదు కాబట్టి అడగకుండానే చెప్పేస్తున్నాను, గుమ్మం బయట కూడా వద్దు.

రోడ్డు చప్పుడు సంగతికొస్తే, రాత్రిపూట వాహనాల శబ్దం 45 డెసిబెల్స్ లోపే ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో చెప్పింది. మీ గదిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. మంచాన్ని రోడ్డు వైపు గోడకి దూరంగా జరపండి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి చూడండి. నిద్రలేని మనిషి పొద్దున లేవలేదు, లేచినా టిఫిన్ ముట్టదు.

ఆమె బీఎంఐ 18.3, తక్కువ బరువు కింద లెక్క. ఈపాటికి 4 కిలోలైనా పెరగాల్సింది. కాబట్టి ఇవన్నీ చేస్తూనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి రక్తం, థైరాయిడ్, యూరిన్ పరీక్షలూ, బిడ్డ ఎదుగుదల చూసే స్కానింగూ చేయించండి. టైం మించిపోయిందని మాత్రం బెంగ పెట్టుకోకండి. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో యుద్ధం వల్ల పెద్ద కరువొచ్చి, మనిషికి రోజుకి వెయ్యి కేలరీల తిండి కూడా దొరకని రోజులొచ్చాయి. అప్పుడు చివరి మూడు నెలలూ కరువులో గడిపిన తల్లుల బిడ్డలు సుమారు 300 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. మొదటి నెలల్లో కరువు పడి, తర్వాత తిండి దొరికిన తల్లుల బిడ్డల బరువు మాత్రం తగ్గలేదు. అంటే బిడ్డ బరువుకి ముఖ్యమైన నెలలు మీకింకా ముందే ఉన్నాయి.

ప్రశ్న: మా ఇంట్లో ఎనిమిది మందిమి. నేను కడుపుతో ఉన్నానని ఎవరికి వారు ప్లేటు నింపేస్తారు, "నీ ఒక్కదానికి కాదు, ఇద్దరికి తినాలి" అంటారు. మెట్లు ఎక్కనివ్వరు, గ్లాసు తీయనివ్వరు. వద్దంటే అత్తయ్యగారు చిన్నబుచ్చుకుంటారు. నాలుగో నెలకే 6 కిలోలు పెరిగాను. ఎలా చెప్పను?
– కొత్త కోడలు

జవాబు: మీరు చెప్పకండి, డాక్టర్‌తో చెప్పించండి. ఈసారి చెకప్‌కి అత్తయ్యగారినే వెంటబెట్టుకుని వెళ్ళి, బరువు చార్టు ఆవిడ ముందే చూపించమనండి. ప్రేమతో పెట్టేవాళ్ళకి లెక్క తెలిస్తే వాళ్ళే కాపలా కాస్తారు. లెక్క కూడా కష్టమైనదేం కాదు. నెలలు నిండేసరికి బిడ్డ 3 నుంచి 3.5 కిలోలు, మాయ 700 గ్రాములు, ఉమ్మనీరు కిలో లోపు, గర్భసంచి ఒక కిలో, పెరిగిన రక్తం కిలోన్నర, ఒంట్లో నీరు ఇంకో కిలోన్నర, రొమ్ములు అర కిలో, పాలకోసం దాచుకునే కొవ్వు 3 కిలోలు. అన్నీ కలిపితే ఓ పన్నెండు. ఇద్దరికి తినడమంటే రెండు భోజనాలు కాదు, మొదటి మూడు నెలలూ అదనం ఏమీ అక్కర్లేదు, తర్వాత మూడు నెలలూ రోజుకి 340 కేలరీలు, చివర్లో 450. ఇక గ్లాసు తీయనివ్వకపోవడం గురించి నేనే రాస్తున్నాను, ఈ పేజీ అత్తయ్యగారికి చూపించండి: అమ్మా, మీ కోడలికి డాక్టర్ బెడ్ రెస్ట్ చెప్పలేదంటే, ఇంట్లో అటూ ఇటూ తిరగనివ్వండి. సాయంత్రం మీరు కూడా తనతో పాటు ఓ అరగంట నడిస్తే మీ మోకాళ్ళకీ మంచిదే.

ప్రశ్న: 33 వారాలు. కొత్త ఇంటికి వచ్చాక వారంలో రెండు కిలోలు పెరిగాను. కాళ్ళతో పాటు ముఖం, చేతులు కూడా వాచాయి. రెండ్రోజుల నుంచి తలనొప్పి. పైఅంతస్తు కదా, వేడికి నీరు పట్టిందని ఇరుగుపొరుగు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఉత్తరంలో ఫోన్ నంబర్ ఉంది కాబట్టి అందిన రోజే ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళమని చెప్పాను. ఇక్కడ వేస్తున్నది మిగతావాళ్ళ కోసం. వేడికి సాయంత్రం పాదాలు వాయడం మామూలే, కాళ్ళు ఎత్తి పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి తగ్గుతాయి. ముఖమూ చేతులూ వాచి, వారంలో కిలో పైన బరువు పెరిగితే మాత్రం అది ఇంటి వల్లో ఎండ వల్లో అనుకుంటూ కూర్చోవద్దు. తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఇంకా తొందరపడాలి. 20 వారాల తర్వాత బీపీ పెరిగి వచ్చే ప్రీ-ఎక్లాంప్సియా అనే జబ్బు ఇలాగే మొదలవ్వచ్చు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, గుర్రపు వాతం అనేది దాన్నే. అదే రోజు బీపీ చూపించుకోవాలి, యూరిన్‌లో ప్రోటీన్ పోతోందేమో పరీక్ష చేయించుకోవాలి. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే అడ్మిట్ అవమంటారేమో, అనవసరమని ఇంటికి వచ్చేయకండి. రాత్రయినా సరే, కాన్పుల వార్డు ఉన్న ఆస్పత్రికే వెళ్ళండి, పక్కన ఒక మనిషిని తోడు తీసుకుని.